గ్లాస్గోలో రాహుకాలం

శనివారం మధ్యాహ్నం భారీ మంచు గురించి ఆంబర్ వార్నింగ్ వచ్చేసరికి వసుధ ఇంటి ముందు కారు డిక్కీ సర్దుతోంది. పార, మంచు మీద చల్లే ఉప్పు బస్తా, రెండు దుప్పట్లు, టార్చి, ఫ్లాస్కు, చక్రాలు జారితే కింద వెయ్యడానికి పాత కార్పెట్ ముక్కలు. ఆదివారం రాత్రి మొదలై సోమవారం మధ్యాహ్నం దాకా అడుగు మందాన మంచు పడుతుందనీ, మరీ తప్పనిసరైతే తప్ప ఎవరూ రోడ్డెక్కవద్దనీ రేడియో గంటకోసారి మొత్తుకుంటోంది. ఇలాంటప్పుడు గ్లాస్గోలోని తెలుగు డాక్టర్లకి వసుధ కారే గతి. నాలుగు చక్రాలూ లాగే బండి, వాటికి వింటర్ టైర్లు, పైగా మంచులో బండిని ఎలా బతిమాలాలో తెలిసిన మనిషి.

ఆ తెలివి ఆమెకు ఊరికే రాలేదు. నాలుగేళ్ళ కిందట కుడి మణికట్టులో రెండు స్క్రూలు బిగించాక వచ్చింది.

అప్పుడామె సర్జరీ ట్రైనీ. ఇలాంటి జనవరే, ఇలాంటి సోమవారమే. రెండు వీధుల అవతల ఉండే మురళీధర్, అదే ఆసుపత్రిలో కన్సల్టెంటు, "ఏడున్నరకి బస్‌స్టాపులో ఉండు, ఎక్కించుకుంటాను" అన్నాడు. ఏడూ ఇరవైకే వెళ్ళి నిలబడింది. ఎనిమిది దాకా నిలబడింది. ఫోను ఎత్తలేదు, కారు రాలేదు, బస్సులు అసలే లేవు. ఇక నడుద్దామని బయల్దేరి, చర్చి మలుపు దగ్గర కనబడని ఐసు మీద కాలు వేసింది. ఎముక అతుక్కుంది గానీ రెండు వేళ్ళ కొసల్లో స్పర్శ తిరిగి రాలేదు. స్పర్శ లేని వేళ్ళతో కుట్లు వేసే సర్జన్ ఎవరికి కావాలి? తిరిగి తిరిగి జీపీ అయింది, ఇక్కడివాళ్ళు సర్జరీ అని పిలిచే పేట క్లినిక్కులో.

అదయినా మింగేదేమో. మింగుడు పడనిది ఇంకోటుంది. ఆ రోజు ఆసుపత్రిలో మురళీధర్ అందరితో, "ఇరవై నిమిషాలు వెయిట్ చేశానండీ, రాలేదు" అని చెప్పాడు. కన్సల్టెంటు మాట కాదని ట్రైనీ మాట ఎవరు నమ్ముతారు? పాపం అన్నవాళ్ళే, కాస్త ముందు బయల్దేరి ఉంటే బాగుండేదమ్మా అని కూడా అన్నారు. అప్పట్నుంచి ఎక్కడ పూజ జరిగినా, పుట్టినరోజు జరిగినా, వసుధ గుమ్మంలో కనబడగానే ఎవరో ఒకరు గడియారం చూసుకుని "వసుధ టైమా?" అని నవ్వుతారు. ఊళ్ళోని నలభై మూడు తెలుగు ఇళ్ళలో ఆ మాట వాడుకలోకి వచ్చేసింది. పిల్లలు కూడా వసుధ టైమ్, వసుధ టైమ్ అని ఇంగ్లీషు యాసలో అంటారు. చెయ్యి పోయింది తనకి, ఆలస్యం మనిషి అన్న పేరూ తనకే!

డిక్కీ మూత వేస్తుండగా ఫోను మోగింది. మురళీధర్.

"వసుధా, నువ్వే నన్ను గట్టెక్కించాలి. సోమవారం తొమ్మిదీ నలభై ఐదుకి నాకు ఇంటర్వ్యూ. నది అవతలి పెద్దాసుపత్రిలో డైరెక్టర్ పోస్టు. పానెల్ వాళ్ళు లండన్ నుంచీ అక్కణ్ణుంచీ ఇక్కణ్ణుంచీ ముందే దిగిపోయారు, ఇక వాయిదా లేదన్నారు. నా కారు చూశావుగా, చినుకు పడితేనే జారుతుంది. హోటల్లో ఉందామంటే అమ్మ ఒక్కతే ఇంట్లో, మా ఆవిడ ప్రవల్లిక ఇండియాలో ఉంది. నీ సర్జరీ ఆ దారేగా?"

"ఆ దారేనండీ."

"హమ్మయ్య. ఒక్కటే మాట. వసుధ టైముకి కాకుండా కాస్త టైముకి రావాలి." నవ్వాడు.

వసుధ కూడా నవ్వింది. "తప్పకుండా మురళిగారూ. మీ లేన్ ఎత్తుగా ఉంది, బండి ఎక్కదు. మెయిన్ రోడ్డు మీద బస్‌స్టాపులో నిలబడండి. ఏడున్నరకి వస్తాను."

వెనకాల నిలబడ్డ భర్త రాజీవ్ అంతా విన్నాడు. "నిజంగా తీసుకెళ్తావా వాణ్ణి?" అన్నాడు.

"వెళ్ళను. ఆ స్టాపులోనే నిలబడనీ. ఎనిమిదింటి దాకా. ఆ తర్వాత నడవనీ."

భార్య మొహం చూసి రాజీవ్ సగం పడ్డ డిక్కీ మూతని తనే నొక్కి వేశాడు. మంచులో ఎవరినైనా వదిలెయ్యడం తప్పని అతనికి తెలుసు. కానీ నాలుగేళ్ళుగా ఆ చెయ్యి పెట్టలేని గుండీలు పెడుతున్నది అతనే.

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమే దినేశ్‌గారి స్నో రోటా వచ్చింది. దినేశ్‌గారు రిటైరైన మత్తు డాక్టరు, మంచు పడితే చాలు ఆయనకి వయసు తగ్గిపోతుంది. ఎవరి బండిలో ఎవరు, ఏ దారి, ఏ టైము, అన్నీ ఆయన రాస్తారు. ఆయన నియమాలు మూడు. బండి తోలేవాళ్ళు గడప దాటిన దగ్గర్నుంచి ఇల్లు చేరేదాకా గ్రూపులో లైవ్ లొకేషన్ పెట్టాలి, మ్యాపులో వాళ్ళ చుక్క అందరికీ కనబడాలి. ఎవరైనా ఇరుక్కున్నారని చెవిన పడితే వెంటనే గ్రూపులో అడగాలి. బండిలో వచ్చేవాళ్ళ ఇంట్లో ముసలివాళ్ళు ఒంటరిగా మిగిలితే, ఆ బండి తోలేవాళ్ళే ముందురోజు ఉప్పు, పాలు చేర్చాలి. రోటా చివర ఇంకో వాక్యం ఉంది: "క్రోయిడన్ నుంచి డాక్టర్ పుష్పలీలగారు పనిమీద వచ్చి ఇక్కడ హోటల్లో ఉన్నారు. రోడ్ల సంగతి తెలియడానికి రెండ్రోజులు గ్రూపులో చేర్చాను. ఇంటర్వ్యూ పానెల్‌కి వచ్చారట."

వసుధ ఆ వాక్యం చదివింది. మురళీధర్ చదివాడో లేదో. అతను గ్రూపులో తన పేరున్న వాక్యాలు తప్ప చదవడు.

ఆదివారం మూడింటికి మురళీధర్ తల్లి లక్ష్మీకుమారిగారికి ఉప్పు బస్తా, పాలు ఇవ్వడానికి వసుధే వెళ్ళాల్సి వచ్చింది. మురళీధర్ ఆసుపత్రి రౌండుకి వెళ్ళాడు. డెబ్భై దాటిన ఆవిడ, నిడదవోలు వైపు మనిషి, వసుధని చూడగానే చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. ఫ్రిజ్ పక్కన గోడకి రాజమండ్రి బట్టల కొట్టువాళ్ళు ఇచ్చిన తెలుగు క్యాలెండరు వేలాడుతోంది.

"జంతికలు తినమ్మా. చూడు, రేపు నువ్వు ఏడున్నరకి రాకు. ఏడూ పదికే వచ్చెయ్. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. ఇదిగో, క్యాలెండర్లో ఉంది. ఆ లోపే వాడు గడప దాటి రోడ్డెక్కెయ్యాలి."

"మురళిగారికి ఇవన్నీ పట్టింపా ఆంటీ?"

"వాడికా? బయట చెప్పడు గానీ నాకంటే ఎక్కువ. ఆపరేషన్లు కూడా చూసుకునే పెట్టుకుంటాడు. నాలుగేళ్ళ కిందట ఇలాగే మంచు పడలా? ఎవరినో ఎక్కించుకోవాలి ఏడున్నర దాకా ఆగుతానన్నాడు. నేనొప్పుకోలా. ఏడూ పదికే తరిమేశా. దారిలో ఎక్కడా ఆగకురా, ఆగితే మళ్ళీ బయల్దేరినట్టే, రాహుకాలంలో పడతావు అన్నా. బుద్ధిమంతుడు, ఎక్కడా ఆగలా."

వసుధ నోట్లో జంతిక అలాగే ఉండిపోయింది. ఎక్కించుకోవాల్సింది ఎవరినో ఆవిడకి తెలీదు. ఎవరూ చెప్పలేదు. ఆవిడ ప్రేమగా ఇంకో రెండు జంతికలు పళ్ళెంలో వేసింది.

అంటే ఇరవై నిమిషాలు వెయిట్ చెయ్యలేదు. ఒక్క నిమిషం కూడా చెయ్యలేదు. తను స్టాపుకి చేరేసరికే అతను ఆ స్టాపు దాటి వెళ్ళిపోయాడు. పోనీ ఏదో ప్రాణాపాయం అనుకుందామా, గోడ మీది క్యాలెండరు! వసుధ మళ్ళీ దాని వంక చూసింది, పైనుంచి కింద దాకా. అప్పుడే ఒక సంగతి తట్టింది. క్యాలెండరు మీద అచ్చు వేసిన ఊరు రాజమండ్రి.

ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా బల్ల దగ్గర కూర్చుంది. చిన్నప్పుడు తాతగారు పంచాంగం చూస్తూ చెప్పిన లెక్క గుర్తుంది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చెయ్యాలి, సోమవారం రెండో భాగం రాహుకాలం. ఆరింటికి పొద్దు పొడిచే చోట అది ఏడున్నర. రేపు గ్లాస్గోలో పొద్దు పొడిచేది ఎనిమిదీ నలభైకి. గుంకేది నాలుగూ పన్నెండుకి. కాగితం మీద భాగహారం చేసింది. ఏడున్నరకి ఇక్కడ ఇంకా చీకటే, రాహువు లేడు, ఏమీ లేదు. లేని రాహుకాలానికి భయపడి తనని రోడ్డు మీద వదిలేశాడు.

రాజీవ్ భుజం మీదుగా తొంగి చూశాడు. "ఏంటిది?"

"రేపటి రాహుకాలం. తొమ్మిదీ ముప్ఫై ఆరు నుంచి పదీ ముప్ఫై మూడు."

"వాడి ఇంటర్వ్యూ ఎన్నింటికి?"

"తొమ్మిదీ నలభై ఐదుకి."

రాజీవ్ కుర్చీ లాక్కుని కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. వసుధ నవ్వలేదు. "రేపు వెళ్తున్నాను," అంది. "ఏడూ పదికి, సెకను కూడా తేడా లేకుండా."

సోమవారం ఏడింటికి వీధి అంతా తెల్లగా ఉబ్బిపోయి ఉంది. ఆపిన కార్లు ఏవో, పొదలు ఏవో తెలియడం లేదు. వసుధ లైవ్ లొకేషన్ పెట్టి, బండి రెండో గేరులో దింపుకుంటూ మెయిన్ రోడ్డెక్కింది. ఏడూ పదికి బస్‌స్టాపు ముందు ఆగింది. మురళీధర్ కొత్త సూటు మీద పెద్ద కోటు వేసుకుని, టై కనబడకుండా మఫ్లరు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. నాలుగేళ్ళ కిందట తను నిలబడ్డ స్టాపులోనే, అదే చెత్తబుట్ట పక్కనే.

"భలే! కరెక్టుగా వచ్చావే," అంటూ ఎక్కాడు.

పన్నెండు మైళ్ళ దారికి రెండు గంటలు పట్టింది. మోటర్‌వే ఎక్కే ర్యాంపు మీద ఒక లారీ అడ్డం తిరిగి పడి ఉంది. పోలీసులు అందర్నీ ఊళ్ళోకి మళ్ళించారు. ఉప్పు చల్లే బండి వెనకాల, దానికి మరీ దగ్గర కాకుండా, మరీ దూరం కాకుండా నడిపింది. దిగుడులో బ్రేకు తొక్కకుండా గేరు మీదే దించింది. ఒకచోట ముందు కారు బొంగరంలా తిరిగి ఫుట్‌పాత్ ఎక్కింది. మురళీధర్ సీటు అంచు పట్టుకుని "రామ రామ" అన్నాడు. చలికి వసుధ మణికట్టు సలపరించింది. స్టీరింగ్ మీద చెయ్యి మార్చుకున్నప్పుడల్లా అతను చూశాడు, చూసి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ చెయ్యి ఎలా ఉందని రెండు గంటల్లో ఒక్కసారి అడగలేదు.

తొమ్మిదీ పన్నెండుకి ఆసుపత్రి కార్ పార్కులో ఇంజను ఆపింది. ఆ రోజు మంచు వల్ల తన సర్జరీ పదకొండుకి గానీ తెరవరు. తొందరేమీ లేదు.

మురళీధర్ మఫ్లరు విప్పి అద్దంలో టై సరిచేసుకున్నాడు. "థాంక్స్ వసుధా. ఇక నిన్ను వసుధ టైము అనొద్దని అందరికీ చెబుతాలే."

"మురళిగారూ, నాలుగేళ్ళ కిందట ఆ రోజు మీరు ఎన్నింటికి బయల్దేరారు?"

అతని చెయ్యి టై మీదే ఆగింది. "ఇప్పుడెందుకవన్నీ?"

"ఆంటీ నిన్న చెప్పారు. ఏడూ పదికి. రాహుకాలం రాకముందే."

"అది... అమ్మ ఏదో చాదస్తం. నువ్వు ఎలాగో బస్సు పట్టుకుంటావనుకున్నా."

"బస్సుల్లేవు. సరే వదిలెయ్యండి. నేనొక సంగతి చెబుదామనుకున్నా. రాహుకాలం ఊరిని బట్టి మారుతుందండీ. సూర్యోదయం నుంచి లెక్క. మీ క్యాలెండరు రాజమండ్రిది. ఇక్కడ ఇవాళ సూర్యోదయం ఎనిమిదీ నలభైకి." కాగితం తీసి అతని ఒళ్ళో పెట్టింది. "తొమ్మిదీ ముప్ఫై ఆరు నుంచి పదీ ముప్ఫై మూడు. మీ ఇంటర్వ్యూ మొత్తం అందులోనే పడుతోంది. ఆల్ ది బెస్ట్."

మురళీధర్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. కాగితం చూశాడు, ఫోను తీసి సూర్యోదయం చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. లోపల లెక్క వేస్తున్నట్టు పెదవులు కదిలాయి. ఎంతమందినో కోసి కుట్టిన చేతులు, కాగితం మడత పెట్టడానికి కూడా పట్టు దొరకలేదు వాటికి. వసుధకి ఎంత హాయిగా ఉందంటే, నాలుగేళ్ళలో అంత హాయి ఎరగదు.

"నువ్వు కావాలనే..." అన్నాడు.

"నేను టైముకే తెచ్చానండీ. దిగండి."

దిగాడు. మంచులో అద్దాల తలుపుల దాకా వెళ్ళాడు. లోపలికి వెళ్ళలేదు. పక్కనున్న కాఫీ షాపు ముందు నిలబడి ఎవరికో ఫోను చేశాడు. మాట్లాడుతూ చేత్తో రోడ్డు వైపు చూపించాడు. ఆ తర్వాత లోపలికెళ్ళి మూల బల్ల దగ్గర గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పదీ ముప్ఫై మూడు దాకా అక్కడే ఉండదలచుకున్నాడని వసుధకి అర్థమైంది. ఫ్లాస్కులోంచి టీ పోసుకుంది. ఆమె అనుకున్నది ఇంతవరకే. మిగతాది మురళీధర్ స్వయంగా కలిపాడు.

పావు తక్కువ పదికి గ్రూపులో మెసేజ్ వచ్చింది. పుష్పలీల. "వసుధగారూ, మీ బండి ఆలస్యమై మీరు మోటర్‌వే దగ్గర ఇరుక్కుపోయారని డాక్టర్ మురళీధర్ మా పానెల్‌కి ఫోన్ చేసి చెప్పారు. మీరిద్దరూ క్షేమమేనా? మ్యాపులో మాత్రం మీ చుక్క ఈ ఆసుపత్రి దగ్గరే కనబడుతోంది. ఎవరినైనా పంపమంటారా?"

ఆవిడ దినేశ్‌గారి నియమం పాటించింది, అంతే. వసుధ రెండుసార్లు చదివి, ఒక్క ముక్క రాసింది. "మేము తొమ్మిదీ పన్నెండుకే వచ్చామండీ. మురళిగారు కింద కాఫీ షాపులో ఉన్నారు."

దినేశ్‌గారు వెంటనే మ్యాపు ఫోటో పెట్టారు. "నిజమే, అరగంట దాటింది చుక్క అక్కడికొచ్చి." గ్రూపులో అందరూ చదువుతున్నారు.

అప్పుడు లక్ష్మీకుమారిగారి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆవిడకి టైపు చెయ్యడం రాదు, కోపం వచ్చినప్పుడు మైకు నొక్కుతుంది. "ఎవరండీ మావాడు లేటన్నది? మావాడు జన్మలో లేటు కాడు. ఇవాళ ఏడుంపావు లోపే గడప దాటాడు. నాలుగేళ్ళ కిందట ఆ మంచు రోజు కూడా, ఎవరినో ఎక్కించుకోవాలి ఏడున్నర దాకా ఆగుతానంటే, రాహుకాలం వచ్చేస్తోందని ఏడూ పదికే పంపించేశా. దారిలో ఆగొద్దన్నా, ఆగలా. అడగండి వాణ్ణి!"

నలభై మూడు ఇళ్ళు ఆ మాట విన్నాయి. కొడుకుని కాపాడుకోవడానికి ఆవిడ అన్నదంతా నిజమే, అక్షరం పొల్లు పోలేదు. వసుధ మళ్ళీ పెట్టుకుని వింది. మూడోసారి వినేటప్పుడు ఏడుపొచ్చింది. చేతికోసం కాదు. ఆ రోజు ఆలస్యం తనది కాదని, అతనే ఆగలేదని ఇప్పుడు అందరికీ తెలుసు.

పదీ యాభైకి మురళీధర్ బయటికొచ్చాడు. పానెల్ అతనితో పది నిమిషాలు మర్యాదగా మాట్లాడి పంపించేసినట్టుంది. కారు అద్దం మీద తట్టాడు. మొహంలో నెత్తురు లేదు.

"వసుధా, ఇంటికి ఎలా వెళ్ళను?"

"నాకు సర్జరీ ఉందండీ. సాయంత్రం ఈ దారినే వస్తాను. ఏడున్నరకి ఈ గేటు బయట బస్‌స్టాపులో ఉండండి."

"వస్తావు కదా?"

"ఇరవై నిమిషాలు వెయిట్ చేస్తాను," అంది.

మధ్యాహ్నానికి మంచు ఆగింది. ఐదింటికి రైళ్ళు మొదలయ్యాయని వసుధ తన గదిలో చూసుకుంది. అతనికీ ఫోను ఉంది, స్టేషను ఆసుపత్రి వెనకాలే. గడ్డకట్టి చావడు. అతను చూసుకోకపోతే అది అతని పని. రోగులందర్నీ చూసి, లైవ్ లొకేషన్ పెట్టి బయల్దేరింది. సాయంత్రం ఏడూ పదికి ఆసుపత్రి ముందు బస్‌స్టాపు మీదుగా వెళ్ళింది. అప్పటికి అక్కడ ఎవరూ లేరు.

ఇంటికొచ్చి బూట్లు విప్పుతుండగా దినేశ్‌గారు గ్రూపులో అడిగారు: "వసుధా, మురళిని ఎక్కించుకున్నావా? స్టాపులో నిలబడ్డానని ఇప్పుడే ఫోన్ చేశాడు."

వసుధ స్పర్శ లేని వేలితోనే, నింపాదిగా టైపు చేసింది. "ఇరవై నిమిషాలు వెయిట్ చేశానండీ. రాలేదు."

ఆమె చుక్క ఆ స్టాపు దగ్గర అరక్షణం కూడా ఆగలేదని గ్రూపులో అందరూ చూశారు. ముందు దినేశ్‌గారు భేష్ అన్నట్టు బొటనవేలి బొమ్మ పెట్టారు. తర్వాత ఒక్కొక్కరూ పెట్టారు.